ముందు దువ్వెన, తర్వాతే నీళ్లు

“ముందు ఏంది, లచ్మీ?”

“దువ్వెన, పాషా.”

“తర్వాత?”

“నీళ్లు.”

“ఉల్టా చేస్తే?”

“గొంగడి!”

ఆమె రైలు కిటికీ తెర పక్కకు తోసి పకపకా నవ్వింది. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి నవ్వాను. నా చంకలో ఉన్న మల్కా మాత్రం మా నవ్వులో కలవకుండా ఇంజన్‌ని తిట్టింది. అది ఒక కూత వేస్తే ఇది పది వేసింది. చివరికి ఇంజన్ కదిలింది. తన దెబ్బకే పారిపోయిందని మల్కా చచ్చేదాకా నమ్మింది. పక్కనున్న కూలీ ఒకడు, “ఏడ్వాల్సిన కాడ నవ్వుతున్నరేందిర వీళ్లు?” అన్నాడు. మా ఇద్దరి మధ్య ఆఖరి మాట అదే, గొంగడి. అంతకన్నా మంచి మాట నాకు ఇప్పటికీ దొరకలేదు.

పాషా నా యజమానురాలు. మొఘల్‌పురాలో ఒక పెద్ద దేవిడీ ఆమెది, అంటే నవాబుల ఇల్లు. మల్కా ఆమె కుక్క. నేను ఆ కుక్క జుట్టు దువ్వే మనిషిని. నవ్వకండి. పన్నెండేళ్లు చేసిన ఉద్యోగం అది.

ఇప్పుడు మా చెల్లెలి మనవరాలు సునీతకు కుక్కల జుట్టు చూసే దుకాణంలో పని దొరికింది. సోమవారం చేరాలట. “అమ్మమ్మా, నువ్వు చేసింది గిదే పని గద, చెప్పు, రాసుకుంట” అని కాగితాలు పట్టుకుని కూర్చుంది. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తుంటే తను దాన్ని బడి తెలుగులోకి దిద్దుతోంది. దిద్దుకోనీ. మనుషులు మాట్లాడిన చోట మాత్రం వేలు పెట్టొద్దన్నాను.

నా పది వేళ్ల సంగతి

మా అమ్మ పెళ్లికూతుళ్లకు తలంటి జడలల్లేది. నూనె, కుంకుడు రసం, వెదురు బుట్ట కింద సాంబ్రాణి పొగ, ఆరాక చిక్కు తీయడం, చివర జడ. ఆ వరస నాకు పాలతో పాటు పట్టింది. పదేళ్లకే కళ్లు మూసుకుని చిక్కు ఎక్కడుందో చెప్పేదాన్ని.

పద్దెనిమిదేళ్లకు మా ఆయన పోయాడు. ఆయన మంచివాడు, జ్వరం చెడ్డది, అంతే. మొగుడు పోయిన చెయ్యి పెళ్లికూతురి తల ముట్టకూడదన్నారు. ఒక్క రోజులో నా పది వేళ్లూ పనికిరానివైపోయాయి. ఉప్పుగూడలో మా బావగారికి పాల కొట్టం ఉండేది. ఆయన నా చేతికి పేడతట్ట ఇచ్చి, “తిండికి ఫికర్ లేదు లచ్చుమమ్మా, బర్లకు శకునం పట్టింపు లేదు” అన్నాడు. నిజమే. కాని బర్రెకు జడ కూడా లేదు కదా!

పాలు పోయడానికి దేవిడీ జనానాలోకి, అంటే ఆడవాళ్లుండే వైపుకి, వెళ్లేదాన్ని. ఒక పొద్దున వెళ్తే లోపల పెద్ద లొల్లి. ముగ్గురు పనివాళ్లు చేతులకు గుడ్డలు కట్టుకుని గోడకు ఆనుకున్నారు. పెత్తనం చేసే ముసలమ్మ, అందరూ బడీబీ అనేవారు, మంచం మీదికి ఎక్కి నిలబడింది. ఆ మంచం కిందనుంచి గుర్రు గుర్రుమని చప్పుడు.

“పులి గిట్ల వచ్చిందా?” అన్నాను.

“పులైతే బందూక్ తోని కొడ్తుంటిమి” అంది పాషా, చేతిలో వెండి దువ్వెనతో. “ఇది మా మల్కా. దువ్వుదామంటే దగ్గరికి రానిస్తలేదు.”

పాషాకు పాలిచ్చి పెంచిన దాది మెదక్ వైపు మనిషి. అందుకే ఆమె తెలుగు అచ్చం మన తెలుగే.

నేను పాలచెంబు దించి, మంచానికి వీపు పెట్టి నేల మీద కూర్చున్నాను. కుక్క వైపు చూడలేదు, పిలవలేదు. నోటికొచ్చిన కూనిరాగం తీశాను. నా గొంతు అప్పటినుంచే బొంగురు. పెళ్లిపాటలకు నన్ను ఎవరూ పిలిచేవారు కాదు. కాసేపటికి నా నడుముకు ఏదో వెచ్చగా తగిలింది. తేనె రంగు జుట్టు, నేల దాకా. కళ్లు లేవు, ముక్కు ఒక్కటే. కళ్లు ఉన్నాయి, జుట్టు వెనక. వేళ్లు పెట్టి చెవి వెనకనుంచి మెల్లగా విడదీశాను. అది ఊరుకుంది.

“రేపటికెల్లి నువ్వే దువ్వాలె” అంది పాషా.

దాచడం ఇష్టం లేక చెప్పేశాను. “పాషా, నాకు మొగుడు లేడు. నా చెయ్యి మంచిది కాదంటరు.”

ఆమె కుక్క వైపు వంగింది. “మల్కా, నీకేమన్న పట్టింపా?” మల్కా తుమ్మింది. “లేదంటుంది. పో, రేపు పొద్దుగాల రా.”

ఆ రోజు ఉప్పుగూడ దాకా నడిచానో ఎగిరానో నాకు తెలియదు. ఈ లోకంలో నా చెయ్యి ముట్టగలిగిన జుట్టు అదొక్కటే. అది పోతే మళ్లీ పేడతట్టే. పన్నెండేళ్లు ప్రతి పొద్దున ఆ భయంతోనే దేవిడీ గడప దాటాను.

ఎక్కడి జాతి, ఏం బుద్ధి

మంచుకొండల అవతల లాసా అని ఒక ఊరు ఉందట. అక్కడి సన్యాసులు మఠాల్లో పెంచుకునే జాతి ఇది. బయట తలుపు దగ్గర పెద్ద కుక్కలు కాపలా ఉంటాయి. వాటిని దాటి ఎవడైనా లోపలికి వస్తే మొరిగి లేపే పని వీటిది. అక్కడ వీటిని అమ్మరట. ఇష్టమైన మనిషికి చేతిలో పెడతారట, అంతే. పాషా తమ్ముడు డార్జిలింగ్ వెళ్లినప్పుడు ఒక కొండ వర్తకుడికి ఏదో మేలు చేశాడు. ఆ వర్తకుడు మల్కాను ఇచ్చాడు. పాషా ఈ సంగతి వచ్చినవాళ్లందరికీ చెప్పేది. “అమ్మరు, ఇస్తరు. యాద్ పెట్టుకోండ్రి.”

బుద్ధి సంగతి చెప్తాను. నా మోకాలి కన్నా పొట్టిది, కాని తాను చిన్నదన్న సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మదు. రమ్మంటే రాదు, ఆలోచిస్తుంది. రావచ్చు అనిపిస్తే అప్పుడు బయల్దేరుతుంది, మనం పిలిచినందుకు కాదన్నట్టు దారిలో ఇంకెక్కడో ఆగి. ఒళ్లో కూర్చునే కుక్క అనుకుని ఎత్తుకుంటారు చాలామంది. దానికి ఒడి కన్నా మెట్ల మలుపు ఇష్టం. అక్కడినుంచి పైవాళ్లూ కిందివాళ్లూ అందరూ కనబడతారు. కొత్తవాళ్లను ఒక పట్టాన నమ్మదు. ఒకసారి పగపడితే మరిచిపోదు. లాడ్ బజార్ నుంచి గాజుల గంప మోసుకొచ్చే ఆమె ఒకసారి దాని తోక తొక్కింది. ఆనాటినుంచి గంప వీధి మలుపులో గలగలమనగానే మల్కా మొదలుపెట్టేది. జనానాలో ఆడవాళ్లు చేతులు కడుక్కుని సిద్ధంగా కూర్చునేవారు, గాజులు వస్తున్నాయని.

సునీతా, ఇది రాయి. ఈ జాతితో పని చేసేవాళ్లు వంగి దాని మీదికి పోవద్దు. కూర్చోండి. అదే వస్తుంది. రాకపోతే ఆ రోజుకు మీకు సెలవు.

నేను చేసిన ఘనకార్యం

చేరిన రెండో నెల. పాషా అక్క ఔరంగాబాద్ నుంచి వస్తోందని కబురు. అందరూ ఆమెను ఆపా అనేవారు. ప్రతిదానికీ వంక పెట్టే మనిషి. శుక్రవారం వస్తుందంటే గురువారం పొద్దున నాకు ఉత్సాహం పొంగింది. మల్కాను పెళ్లికూతురిని చేస్తాను అనుకున్నాను. చేశాను! మా అమ్మ వరస ఒక్కటి తప్పలేదు. నెత్తినుంచి తోక దాకా నూనె. కుంకుడు రసం పోసి రెండు చేతులతో పరపరా రుద్దాను. గుడ్డతో ఒత్తి ఒత్తి తుడిచాను. బుట్ట బోర్లించి కింద సాంబ్రాణి వేసి, పైన మల్కాను కూర్చోబెట్టాను. అది తుమ్ముతూ నన్ను ఎంత తిట్టిందో! ఆరాక చిక్కు తీద్దామని దువ్వెన పెట్టాను.

దువ్వెన దిగలేదు.

ఇంకో పక్కన పెట్టి చూశాను. దిగలేదు. పొట్ట కింద, చంకల్లో, చెవుల వెనక, ఎక్కడ చూసినా ఒకటే అట్ట. తట్టితే టపటపమంది. లాగితే దువ్వెన పన్ను విరిగింది. నా కళ్ల ముందు పేడతట్ట కనబడింది.

నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. శుక్రవారం ఆపా దిగేసరికి మల్కాకు పాషా పాత జరీ దుపట్టా నిండా కప్పి, మూలన కూర్చోబెట్టి, నేను ముందు కూర్చున్నాను.

“ఏదీ, ఆ లాసా రాణి ఎక్కడ?” అంది ఆపా.

“పర్దాలో ఉంది, బేగం సాబ్” అన్నాను.

పాషా నా వైపు చూసింది. ఆపా పాషా వైపు చూసింది. “కుక్కకు పర్దానా? ఎవరికెల్లి? ఇక్కడ అందరం ఆడోళ్లమే గద!”

“కొత్తోళ్ల ముంగట సిగ్గు పడ్తది.”

“అరె, మస్తు ఖాన్‌దానీ కుక్క ఉన్నది!” అని ఆపా మెచ్చుకుంది కూడా. ఇంకొక్క ఘడియ గడిస్తే బతికిపోయేదాన్ని. అప్పుడు వీధి మలుపులో గలగలమని గాజుల గంప!

మల్కా లేచింది. పర్దా జారింది. జనానా నడిమధ్యలోంచి నాలుగు కాళ్ల చెక్కపలక ఒకటి దడదడలాడుతూ పరిగెత్తింది. మలుపు తిరగబోయి, ఒళ్లు వంగక పక్కకు పడింది. పడి కూడా మొరగడం ఆపలేదు.

“యా అల్లా!” అంది ఆపా. “కాళ్లు తుడుసుకునే పట్టాకే కాళ్లొచ్చినయి!”

జనానా అంతా నవ్వింది. పాషా నవ్వలేదు. బడీబీ కొంగు దోపుకుని ముందుకొచ్చింది. “మంగలిని పిలువుండ్రి. కుక్కను గొరుగుండ్రి, ఈ పిల్లను పాల చెంబుతోని తోలుండ్రి.”

“వద్దు!” అని అరిచాను. నా గొంతు విని నాకే భయమేసింది. “నన్ను తోలుండ్రి, పాషా. దాన్ని గొరగకుండ్రి.”

మా గల్లీలో ఒకామెకు మొగుడు పోయిన పదోనాడు తల గొరిగారు. మా ఇళ్లలో ఆ ఆచారం లేదు, వాళ్లలో ఉంది. ఆమె ఆ తర్వాత ఎప్పుడూ గోడవైపు తిరిగే కూర్చునేది. అది నా కళ్లలో ఉంది. నోటితో చెప్పలేదు. పాషా నా నెత్తి వైపు ఒకసారి, మల్కా వైపు ఒకసారి చూసింది. ఏమి అర్థం చేసుకుందో ఏమో.

“ఆపా పదకొండు రోజులుంటది” అంది చివరికి. “ఆమె పోయే లోపట మల్కాను మల్కాలెక్క చూపియ్యి. లేకుంటే ఆపాతోని పాటు నువ్వు కూడ ఈ తలుపు దాటు.”

గొంగళ్ల కొమరయ్య, పదకొండు రోజులు

మర్నాడు పొద్దున దేవిడీ పెరటి తలుపు దగ్గర మల్కాను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, గొంగళ్లు అమ్మే కొమరయ్య తాత మూట దించి దాని ఒళ్లు నిమిరాడు. మల్కా ఎవరినీ ముట్టనివ్వదు. ఆయన ముట్టుకుంటే మాత్రం ఊరుకుంది, గొర్రె వాసనకో ఏమో.

“ఎవలు నేసిన్రు బిడ్డా దీన్ని?” అన్నాడు.

“నేసుడేంది తాతా, తలంటిన!”

ఎలా తలంటానో అంతా అడిగాడు. విని, ఉన్న మూడు పళ్లతో నవ్వాడు. “గది మా పనే. ఊలును తడిపి, పిసికి, రుద్దితే ఒకదాన్ల ఒకటి పట్టుకుంటది. గట్లనే గొంగడి గట్టివడ్తది. దీనికి పైన ఎంటికలు, లోపట ఊలు. ముందుగాల చిక్కు దీస్తివా?”

“లేదు. మా అమ్మ ఆరినంక తీస్తది.”

“మీ అమ్మ మనిషికి జేసింది. నువ్వు గొంగడి జేసినవ్.”

దువ్వెన ముందు, నీళ్లు తర్వాత. ఈ పనిలో ఉన్న చదువంతా అదే. తడవక ముందు ముడి ముడే, తడిస్తే రాయి. నా తప్పు పని రాకపోవడం కాదు. ఇంకో పని మరీ బాగా రావడం. చేతికి వచ్చిన పనిని నమ్మి, ముందున్న ప్రాణిని చూడలేదు.

ఇక కూర్చున్నాను. కొంచెం బియ్యప్పిండి చల్లి, మొదలు దగ్గర చర్మం లాగకుండా పట్టుకుని, కొసనుంచి వేళ్లతో విడదీయడం. దువ్వెన ఆఖర్న. మరీ మొండి ముడిని పొడుగునా చీల్చాలి, అడ్డంగా కోయకూడదు. ఒక్కో ముడికి ఒక్కో పూట. మల్కా ఒక ఘడియ ఓర్చుకునేది, తర్వాత లేచి వెళ్లిపోయేది. మళ్లీ దానికి బుద్ధి పుట్టేదాకా నేను కూర్చునేదాన్ని.

మూడోనాడు పాషా వచ్చి ఎదురుగా కూర్చుంది. “ఎడమ చెవు నాకియ్యి” అంది. నవాబుగారి భార్య నేల మీద! బడీబీ గుండె పట్టుకుంది. పాషాకు మొదట చేతకాలేదు. మల్కా ఆమె వేలు కొరికింది, ఆమె మల్కాను తిట్టింది, నేను ఇద్దరినీ సముదాయించాను. ఐదోనాటికి చెయ్యి తిరిగింది. ఏమి మాట్లాడుకున్నామంటే చెప్పలేను. ఆపాను వెక్కిరించాం. గాజులామెను వెక్కిరించాం. నవాబుగారి మీసాల్లో చిక్కు పడితే ఎటునుంచి తీయాలని ఆమె అడిగితే, నేను నవ్వలేక పక్కకు ఒరిగిపోయాను. మా ఆయన పోయాక మొదటిసారి కడుపు నొప్పి పుట్టేలా నవ్వింది అప్పుడే.

తొమ్మిదోనాడు సాయంత్రం మల్కా లేచి వెళ్లిపోయింది. పాషా చేతిలో దువ్వెన అలాగే ఉంది. “ఇటు తిరుగు” అంది.

“ఎందుకు?”

“నీ నెత్తి సూసుకున్నవా? మల్కా నయం.”

నిజమే. దువ్వుకుంటే ఎవరేమంటారోనని, పొద్దున లేచి ముడేసి కొంగు కప్పడమే. ఎన్ని నెలలో. నేను అటు తిరిగి కూర్చున్నాను. ఆమె నా వెనక కూర్చుని కొసనుంచి మొదలుపెట్టింది, నేను నేర్పినట్టే. “ముందు ఏంది, లచ్మీ?” అంది. “దువ్వెన” అన్నాను. ఆనాటినుంచి అదే మా సలాం.

పదకొండోనాడు మల్కా జనానాలోకి నడిచి వచ్చింది. వీపు మధ్య పాపిడి తీసి, రెండు వైపులా తేనె ధార దించినట్టు ఉంది జుట్టు. కళ్ల మీద జుట్టు పైకి తీసి పట్టు దారంతో కట్టాను. ఆపా లేచి నిలబడి చుట్టూ తిరిగి చూసింది.

“కుక్కను మార్చిన్రు” అంది. “నన్ను పాగల్ అనుకున్నరా? ఇది అది కాదు!”

మల్కా ఆమెను ఎగాదిగా చూసి, వెనక్కి తిరిగి, తోక చూపించి కూర్చుంది.

“అదే” అంది ఆపా. “అదే ఉన్నది.”

కుక్క ఇంటివాళ్లు, ఎండలు

పాషాలో తప్పులు లేవా? ఉన్నాయి. చాటుగా బాలూషాహీ మిఠాయి తినిపించేది. మల్కా లావెక్కి మెట్లెక్కలేకపోతే వైద్యుణ్ణి తిట్టేది. బడీబీకి కుక్కంటే భయం, ఆ భయానికి శుభ్రమని పేరు పెట్టుకుంది. కుక్క ఇంటివాళ్లలో భయపడేవాళ్లతో ఓపిగ్గా ఉండండి. ప్రేమించేవాళ్లతో జాగ్రత్తగా ఉండండి, పాడుచేసేది వాళ్లే.

ఎండాకాలం వస్తే గొరిగించమని ప్రతివాళ్లూ సలహా ఇచ్చేవారు. పక్క దేవిడీలో ఇలాంటి జుట్టు కుక్కనే గొరిగించారు. వీపు ఎండకు ఎర్రగా పొక్కింది. మేము వట్టివేళ్ల తడికలు కట్టి, మధ్యాహ్నం రాతి గచ్చు మీద పడుకోబెట్టి, నడక పొద్దున చల్లనివేళకు పెట్టుకున్నాం. రోజూ దువ్వడం తప్పలేదు. పైపైన కాదు, పొర పొర విడదీసి చర్మం కనపడేదాకా. అప్పుడే పిడుదులు దొరుకుతాయి. కుంకుడు రసం కంట్లో పడనివ్వొద్దు. తడి ఒంటిని రుద్దొద్దు, గుడ్డతో అద్దాలి. ఇంతకన్నా నాకు తెలియదు.

చేతిలో పెట్టడం

పందొమ్మిదొందల నలభైలు ముగిసేవేళకు దేవిడీ ఖాళీ అయింది. నవాబుగారు పోయారు. పాషా ఆపా దగ్గరికి ఔరంగాబాద్ వెళ్తానంది. మల్కాకు పద్నాలుగేళ్లు. చూపు తగ్గింది, నడక తగ్గింది, మొరుగుడు తగ్గలేదు. ఆ ఎండల్లో రైలు ప్రయాణం దానికి పడదు. నేను ఏమీ అడగలేదు. స్టేషన్‌లో పాషా మల్కాను నా చేతిలో పెట్టింది, పైన దువ్వెన పెట్టింది.

“అమ్మరు, ఇస్తరు” అంది. “యాదున్నదా?”

“ఉన్నది.”

ఇక ఆ తర్వాత మాటలు మీకు ముందే చెప్పాను.

ఉప్పుగూడలో మా బావ మల్కాను చూసి, “ఇదేంది, చీపురా?” అన్నాడు. వారం తిరిగేసరికి గడ్డి మోపెక్కి కూర్చుని, కళ్లు సరిగా కనపడకపోయినా పదహారు బర్రెల మీద పెత్తనం చేసింది. అది ఒక మొరుగు మొరిగితేనే బర్రె కదిలేది. బావ చెంబు పట్టుకుని, “మల్కమ్మా, పాలు పిండుకోనా?” అని అడిగి కూర్చునేవాడు. నేను పొద్దున వాకిట్లో దాన్ని దువ్వుతుంటే గల్లీ అంతా చూసేది.

ఒకరోజు నాలుగిళ్ల అవతలామె బిడ్డను వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లకు పెళ్లి కుదిరింది. నెల రోజులు జ్వరంలో పడుకుని లేచింది, జుట్టంతా అట్టకట్టింది. శుభమైన చేతులన్నీ చూసి, గొరగాల్సిందేనన్నాయట. పిల్ల కొంగు నోట్లో పెట్టుకుని ఏడుస్తోంది.

“నా చెయ్యి సంగతి నీకు తెలుసు గద అక్కా” అన్నాను.

ఆమె మల్కా వైపు చూపించింది. “గా చెయ్యే గావాలె.”

నాలుగు రోజులు పట్టింది. తడపకుండా, కొసనుంచి. పెళ్లినాడు జడ కూడా నేనే అల్లాను. ఆ రోజునుంచి చూపు ఆనకపోయేదాకా, ఎన్ని తలలో, నేను లెక్క పెట్టలేదు. పేడతట్ట మాత్రం మళ్లీ ముట్టలేదు.

చాలు, సునీతా. చెయ్యి నొస్తుందేమో. సోమవారం నాడు ముందు కూర్చో, దానికి వీపు పెట్టు, మిగతాది అదే చెప్తుంది. ఇప్పుడు కాగితాలు మొదటికి తిప్పు. పాషా మాటలు నువ్వు చదువు, నా మాటలు నేను చెప్తా. నాకు చూడాల్సిన పని లేదు. ఊ, గట్టిగ చదువు బిడ్డా, రైలు చప్పుడులో వినబడాలె. ముందు ఏంది?